జైసల్మేర్‌కు పగటిపూటే వెళ్లండి

"జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ దాకా దారిలో చూడటానికేమీ ఉండదట, రాత్రి బయలుదేరి నిద్రలో దాటేస్తే సరిపోదా?" అని అడిగారు.

సరిపోదు. దయచేసి ఆ పని చేయకండి. ఆ 280 కిలోమీటర్లూ పగలే, కారులో, ఆగుతూ వెళ్లాలి. దారి చూడనివాళ్లకు జైసల్మేర్ ఎప్పటికీ అర్థం కాదని నా గట్టి నమ్మకం.

మేం నవంబరు చివర్లో వెళ్లాం. దేచూ దాటాక, పోఖ్రాన్ ఇంకా రాకముందే వెనక టైరు పంక్చరైంది. స్టెప్నీలోనూ సగమే గాలి. అద్దెకు కారు ఇచ్చేవాళ్లు బంపరు మీది గీతలన్నీ ఫొటోలు తీసుకుంటారు, స్టెప్నీని మాత్రం ముట్టుకోరు! ఉన్నదాన్నే బిగిద్దామంటే జాకీ ఇసుకలోకి కుంగిపోతోంది.

పక్క చేలో చెట్టెక్కి గొడ్డలితో కొమ్మలు నరుకుతున్న పెద్దాయన ఒకరు మమ్మల్ని చూసి దిగి వచ్చారు. ఏమీ అడగలేదు. అక్కడ చేలకు కంచెగా రాతి పలకలు పాతుతారు. విరిగిపడిన పలక ముక్కొకటి మోసుకొచ్చి జాకీ కింద పెట్టారు. పది నిమిషాల్లో పని అయిపోయింది.

తరువాత ఆ చెట్టు దగ్గరే కూర్చున్నాం. అది ఖేజ్రీ, మనం జమ్మి అనేది దాన్నే. పచ్చని చెట్టును ఎందుకిలా మోడు చేస్తున్నారని అడిగాను. ఆకు ఎండబెట్టి దాస్తే చలికాలమంతా మేకలకు మేత అట. ఎండలు వచ్చేసరికి చెట్టు మళ్లీ చిగురిస్తుందట. దాని కాయలే సాంగ్రీ, వాటినీ ఎండబెట్టి కూర వండుకుంటారు. కొమ్మలు నరికే ఆ గొడ్డలి మొదలు జోలికి పోదు. 1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజర్లీలో ఈ చెట్లను కొట్టడానికి రాజు మనుషులు వస్తే, చెట్లను కాపాడటం ధర్మమని నమ్మే బిష్ణోయీలు 363 మంది వాటిని కావలించుకునే ప్రాణాలు విడిచారు.

అలాంటి చెట్లను ఇప్పుడు సౌర విద్యుత్ కేంద్రాల కోసం కొట్టేస్తున్నారంటే నాకు కడుపు మండుతుంది. సౌర విద్యుత్తు వద్దనను, చెట్లను వదిలి సౌర ఫలకాలు పరచలేరా? బట్టమేక పక్షులు లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయి, అవీ అక్కడి కరెంటు తీగలకు తగిలి చస్తున్నాయి. "అక్కడేముంది, ఖాళీ నేలే కదా" అన్న మాట దగ్గరే ఇదంతా మొదలవుతుంది. మీ ప్రశ్నలోనూ ఆ మాటే వినిపించింది కాబట్టి ఇంత రాస్తున్నాను.

పొద్దు వాలుతుండగా, గాలిమరల వరస దాటాక, గుట్ట మీద పసుపు రాతి కోట కనిపించింది. 1156లో రావల్ జైసల్ కట్టించడం మొదలుపెట్టిన కోట. ఇంత ఎడారిలో ఇంత సంపద ఎక్కడిదనుకునేవాణ్ని. రోజంతా ఆ నేల మీద నడిచివచ్చిన వర్తకుల ఒంటెల బిడారుకు నీళ్లూ రక్షణా ఇచ్చే ఊరు ఏ సుంకం అడిగినా ఇవ్వక తప్పేదా? సరుకు ఓడల్లో బొంబాయికి మళ్లాక ఆ వైభవం తగ్గింది, 1947లో పాకిస్తాన్ సరిహద్దు వచ్చి పడ్డాక అవతలి సింధ్ ప్రాంతానికి వెళ్లే దారీ మూసుకుపోయింది.

ఏప్రిల్, మే నెలల్లో మాత్రం వద్దు. ఆ ప్రాంతంలోని ఫలోదీలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది. శీతాకాలంలో పొద్దున ఏడింటికల్లా జోధ్‌పూర్ వదిలితే, పోఖ్రాన్‌లో భోజనానికి ఆగినా వెలుతురుండగానే కోట చూస్తారు. బయలుదేరే ముందు స్టెప్నీలో గాలి మీ కళ్లముందే కొట్టించండి.