ఫంక్షన్‌కి పేరు పెట్టడం రావట్లేదు, సాఫ్ట్‌వేర్ మానేయాలా?

ప్రశ్న: అన్నా, నేను బీటెక్ మూడో ఏడాది, పదో తరగతి దాకా తెలుగు మీడియం. మినీ ప్రాజెక్ట్‌గా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో అటెండెన్స్ స్క్రిప్ట్ రాశాం. అందులో నేను రాసిన 'చెక్ అటెండెన్స్' ఫంక్షన్‌ని (అంటే ఒక పని చేయడానికి పేరు పెట్టి రాసుకునే కోడ్ ముక్క) ఫ్రెండ్ ఊరికే లెక్క చూద్దామని రన్ చేస్తే, 75 శాతం లేనివాళ్లందరి ఇళ్లకీ మెసేజ్‌లు వెళ్లిపోయాయి. పేరు పెట్టడం కూడా రాదా అని సార్ తిట్టారు. ఇంగ్లిష్ రానివాడికి ఈ లైన్ ఎందుకు, బ్యాంక్ కోచింగ్‌కి వెళ్లమని ఇంట్లో అంటున్నారు. ఏం చేయను?

జవాబు: తమ్ముడూ, ముందు నవ్వొచ్చింది, ఏమీ అనుకోకు. ఇది ఇంగ్లిష్ సమస్య కాదు. 'చెక్', 'అటెండెన్స్' మీ అమ్మమ్మకి కూడా తెలిసిన మాటలే. ఆ ఫంక్షన్ చెక్ చేసి ఊరుకోకుండా మెసేజ్ కూడా పంపింది, ఆ రెండో పని పేరులో లేదు, నీ ఫ్రెండ్ పేరుని నమ్మాడు. అంతే.

పైథాన్ చేసిన గైడో వాన్ రాసమ్ నెదర్లాండ్స్ ఆయన, రూబీ అనే భాష చేసిన మాట్సుమోటోది జపాన్, లువా అనే భాష అయితే 1993లో బ్రెజిల్‌లో పుట్టింది, ఆ పేరుకి పోర్చుగీసులో చందమామ అని అర్థం. వీళ్లెవరికీ ఇంగ్లిష్ మాతృభాష కాదు.

అలాంటి పెద్దవాళ్ల భాషల్లోనూ పేర్లు తప్పుదారి పట్టిస్తాయి. పైథాన్‌లో ఎడమవైపు ఉన్నవి తీసేసే 'ఎల్‌స్ట్రిప్' ఉంది కదా, "శ్రీ రమేష్" లోంచి ముందున్న "శ్రీ " తీసేద్దామని దాన్ని వాడి చూడు, రమేష్ రాడు, 'మేష్' వస్తాడు. ఎందుకంటే అది మాటని తీయదు, ఆ మాటలో ఉన్న శ, ర, వాటి గుర్తులు, చివరి ఖాళీ, వీటిలో ఏది ముందు కనిపించినా తీసుకుంటూ పోతుంది, రమేష్‌లోని ర కూడా దానికి దొరికిపోయింది. సురేష్‌కి మాత్రం సరిగ్గానే పనిచేస్తుంది, అందుకే టెస్టింగ్‌లో పట్టుబడదు! ఏళ్ల తరబడి జనం దీన్ని బగ్ అనుకుని ఫిర్యాదులు చేశాక 2020లో పైథాన్ 3.9 వెర్షన్‌లో, ముందున్న మాటని మాటగానే తీసే 'రిమూవ్‌ప్రిఫిక్స్' వచ్చింది. దానికి కూడా మొదట అనుకున్న పేరు 'కట్‌ప్రిఫిక్స్', చర్చలు జరిగి మారింది.

ఇక నీ సంగతి. పదో తరగతిలో అసమాపక క్రియ, సంక్లిష్ట వాక్యం చదివావు కదా, అవి ఇప్పుడు పనికొస్తాయి. కోడ్ రాసేముందు ఫంక్షన్ చేసే పనిని తెలుగులో ఒక్క వాక్యంగా రాయి. "షార్టేజ్ ఉన్నవాళ్లని వెతికి, ఇళ్లకి మెసేజ్ పంపుతుంది." 'వెతికి' అని అసమాపక క్రియ వచ్చిందా, అక్కడ రెండు ఫంక్షన్లు ఉన్నాయన్నమాట. విడగొట్టు. 'ఫైండ్ షార్టేజ్ స్టూడెంట్స్', 'సెండ్ షార్టేజ్ ఎస్ఎమ్ఎస్' అని పేర్లు వాటంతట అవే వస్తాయి. వాక్యం రాయడమే కుదరకపోతే, ఆ ఫంక్షన్ ఏం చేయాలో నీకింకా తెలియలేదు, 'ప్రాసెస్ డేటా' లాంటి పేర్లు పుట్టేది అప్పుడే.

పైథాన్‌లో లిస్ట్‌ని వరుసలో పెట్టే 'సార్ట్', 'సార్టెడ్' తేడా కూడా మన భాషలోనే పెట్టి చూసుకో. 'సర్దు' అంటే ఉన్న లిస్ట్‌నే సర్దేస్తుంది, 'సర్దిన' అంటే సర్దిన కొత్త లిస్ట్ ఇస్తుంది, పాతది అలాగే ఉంటుంది. అవును-కాదు అని జవాబిచ్చే ఫంక్షన్‌కి 'ఈజ్', 'హ్యాజ్'తో మొదలెట్టు. పైథాన్ 3లో తెలుగు లిపిలోనే పేర్లు పెట్టొచ్చు, సరదాకి నీ రూమ్‌లో పెట్టుకో, టీమ్‌లో వద్దు.

పేరు పెట్టాక కోడ్ చూపించకుండా పేరొక్కటే నీ ఫ్రెండ్‌కి చెప్పి, ఇదేం చేస్తుందిరా అని అడుగు, ఎటూ దెబ్బ తిన్నవాడే కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాడు. ఇంటర్వ్యూలో కోడ్ రాయమన్నప్పుడు కూడా ఈ పేరే ఎందుకో ఒక మాట పైకి అను, ఇంగ్లిష్ తడబడినా నీ ఆలోచన వాళ్లకి అందుతుంది.

బ్యాంక్ ఉద్యోగం ఇష్టమైతే నిక్షేపంగా వెళ్లు. ఇంగ్లిష్ భయంతో మాత్రం వెళ్లకు, ఐబీపీఎస్ పీఓ ప్రిలిమ్స్‌లోనే ఇంగ్లిష్‌కి ఒక సెక్షన్ ఉంటుంది, ఇంట్లో వాళ్లకి ఆ సంగతి చెప్పావా?