అనిల్‌కి, నల్లకుంట నుంచి

ప్రియమైన అనిల్,

రాత్రి నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ పొద్దున కాఫీ తాగుతూ చూశాను. నీ కథల పుస్తకం వచ్చి ఇరవై రోజులు కాలేదు, అప్పుడే టెలిగ్రామ్ గ్రూపులో పీడీఎఫ్. కింద ఎవరో "కథలు బాగున్నాయి, తప్పక చదవండి" అని కూడా పెట్టాడు. నీకు ఏడుపొచ్చిందన్నావు. నాకు నవ్వొచ్చింది, ఏమనుకోకు. నా మొదటి సంపుటి అయిదొందల కాపీలు వేస్తే మూడొందలు మా మంచం కిందే ఉండిపోయాయి. దొంగకి కూడా అక్కర్లేకపోయింది నా పుస్తకం.

సరే, పని సంగతి. ఆ గ్రూపులో దూరి తగువు పెట్టుకోకు. లింకు, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు దాచుకో. పుస్తకం నీదని చూపిస్తూ టెలిగ్రామ్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపు. 2013 నాటి కాపీరైట్ రూల్స్‌లో 75వ రూలు ఇందుకే ఉంది. ఫిర్యాదు నమ్మదగ్గదైతే 36 గంటల్లో ఆ లింకు ఆపాలి. 21 రోజుల్లో నువ్వు కోర్టు ఆర్డరు తేకపోతే మళ్లీ తెరుచుకోవచ్చు కూడా. కాపీరైట్ రిజిస్టర్ చేయించలేదే అని టెన్షన్ పడకు. రాసిన రోజు నుంచే అది నీది.

కోర్టుకి వెళ్దామా అనడిగావు. 2020లో ఓ కోచింగ్ టీచరు తన పుస్తకాలు టెలిగ్రామ్ ఛానళ్లలో తిరుగుతున్నాయని ఢిల్లీ హైకోర్టుకి వెళ్లారు. మా సర్వర్లు సింగపూర్‌లో ఉన్నాయి, అక్కడి చట్టం ఒప్పుకోదు అంది టెలిగ్రామ్. 2022లో కోర్టు ఆ మాట వినలేదు, ఛానళ్లు నడిపేవాళ్ల ఫోన్ నంబర్లతో సహా వివరాలు ఇమ్మంది. మంచి తీర్పే. కానీ నూట యాభై రూపాయల పుస్తకం మీద పది శాతం రాయల్టీ తీసుకునేవాడివి, ఢిల్లీలో లాయరు ఫీజు ఎక్కణ్నుంచి తెస్తావు?

డబ్బున్న సినిమావాళ్ల అవస్థే చూడు. 2013లో 'అత్తారింటికి దారేది' సగం సినిమా రిలీజుకి ముందే బయటికొచ్చేస్తే, హడావుడిగా డేటు ముందుకు జరిపి విడుదల చేసుకున్నారు. ఎవరో తెలియని దొంగ మీద కోర్టులు ఇచ్చే ఉత్తర్వుల్ని మన దేశంలో 'అశోక్ కుమార్ ఆర్డర్లు' అంటారు (పాపం, అశోక్ కుమార్ అన్న పేరున్నవాళ్లు ఏం చేశారో!). ఒక సైటు మూస్తే రక్తబీజుడిలా పది పుట్టేవి. అందుకని 2019లో ఢిల్లీ హైకోర్టు, ప్రతి కొత్త సైటుకీ మళ్లీ కేసు వెయ్యకుండా పాత ఆర్డరులోనే కలుపుకునే వీలిచ్చింది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం మార్చి, థియేటర్లో కెమెరా పెట్టినవాడికి మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, కనీసం మూడు లక్షల జరిమానా అన్నారు. 2025 నవంబరులో ఐబొమ్మ అనే పైరసీ సైటు నడుపుతున్నాడన్న ఆరోపణ మీద మన పోలీసులు ఒకతన్ని కూకట్‌పల్లిలో పట్టుకున్నారు. ఆ వారం మా వీధి చివర టీ కొట్టు దగ్గర సగం మంది అతని పక్షమే! టికెట్ రేట్లు, పాప్‌కార్న్ రేట్లు ఏకరువు పెట్టారు. వాళ్లతో వాదించి ఓడిపోయి ఇంటికొచ్చాను.

నీతో ఎందుకు ఇంత కఠినంగా మాట్లాడుతున్నానో తెలుసా? మొన్న బుక్ ఫెయిర్‌లో నీ ఫోన్ చూపించి, నాలుగొందల తెలుగు పీడీఎఫ్‌లు ఉన్నాయని మురిసిపోయావు. రచయిత పోయాక అరవై ఏళ్ల దాకా హక్కు వారసులది. గురజాడ 1915లో పోయారు, హాయిగా దాచుకో. శ్రీశ్రీ పోయింది 1983లో, అంటే 2043 ఆఖరు దాకా ఆగాలి. ఎక్కడా అచ్చులో దొరకని పుస్తకమైతే? అలాంటి స్కాన్లు నేనూ చదివాను, నిజం దాచను. కానీ కొనడానికి దొరికేవి కూడా అందులో బోలెడున్నాయి కదయ్యా.

అసలు నాకు నష్టం చేసింది పైరసీ కాదు. కృష్ణానగర్‌లో రెండేళ్లు ఘోస్ట్‌గా, అంటే వేరేవాళ్ల పేరు మీద, సినిమాలకి డైలాగులు రాశాను. ఒక సినిమాకి పదకొండు సీన్లు నావే. "టైటిల్స్‌లో వేస్తాం గురువుగారూ" అంటూ ఏమీ రాయని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. థియేటర్లో లైట్లు ఆరాయి, పేర్లన్నీ వచ్చి పోయాయి, నాది రాలేదు. మా ఆవిడ నా వైపు చూడకుండా తెర వైపే చూస్తూ కూచుంది. హక్కులు రాసిచ్చేసినా, ఇది నేనే రాశానని చెప్పుకునే హక్కు రచయితకి మిగులుతుందని కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ ఉంది. అప్పుడు నాకు దాని పేరు కూడా తెలీదు.

అందుకే నీ పబ్లిషరుతో చేసుకున్న అగ్రిమెంటు చదివావా అని అడుగుతున్నాను. చదవలేదని నాకు తెలుసు, మొదటి పుస్తకానికి ఎవడు చదువుతాడు! హక్కులు ఎన్నేళ్లకి ఇస్తున్నావో అందులో రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్లే అనుకుంటుంది. 'శాశ్వతంగా' అని రాసుంటే మాత్రం ఆ ఒక్క మాటకి నీ పుస్తకం పోయినట్టే. ఈ-బుక్, ఆడియో, సినిమా హక్కులు ఒకే వాక్యంలో తోసేశారేమో చూడు. ఈ-బుక్ నీ చేతిలోనే ఉంటే రేపే యాభై రూపాయలకి పెట్టు. ఆ గ్రూపులో మెచ్చుకున్నవాడికి లింకు పంపి చూడు, కొనొచ్చు. వాడికి నీ పుస్తకం ఎక్కడ దొరుకుతుందో చెప్పినవాళ్లు ఉన్నారా?

ఆదివారం పొద్దున్నే రా. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూసుకుని, ఇంటికొచ్చి భోంచేద్దాం. వచ్చేటప్పుడు ఆ అగ్రిమెంటు జిరాక్స్ తీసుకురా. ఒరిజినల్ ఇంట్లోనే ఉంచు.

నీ
మాస్టారు