పట్టుబడిన వాడి మాట

ప్రశ్న: అమెరికాలో బానిసత్వం లేని ఉత్తరాది రాష్ట్రాలకు తప్పించుకుని వచ్చిన వారిని కూడా పట్టి వెనక్కి పంపేవారని చదివాను. అది ఏ చట్టం ప్రకారం జరిగేది? కోర్టులో వారి వాదన వినేవారా? (ఒక పాఠకురాలు, విజయనగరం)

జవాబు: బానిసత్వం లేని రాష్ట్రంలో అడుగుపెట్టినంత మాత్రాన విముక్తి దొరికేది కాదు. పారిపోయిన వారిని యజమాని అడిగితే అప్పగించాలన్న నిబంధన అమెరికా రాజ్యాంగంలోనే ఉండేది. దాని అమలుకు 1793లో ఒక చట్టం చేశారు; అది చాలడం లేదని 1850లో మరింత కఠినమైనది తెచ్చారు. కొత్త చట్టంలో జ్యూరీ ఊసే లేదు. విచారించిన కమిషనర్ (ఇలాంటి కేసులు వినేందుకు ఫెడరల్ కోర్టు నియమించిన అధికారి) అప్పగింత పత్రం ఇస్తే 10 డాలర్లు, ఇవ్వకపోతే 5 డాలర్లు రుసుముగా పొందేవాడు. పత్రానికి రాతకోతలు ఎక్కువ కాబట్టి అని సమర్థించుకున్నారు లెండి. పట్టుబడిన వ్యక్తి చెప్పే సాక్ష్యం మాత్రం అసలు చెల్లదని చట్టంలోనే రాసిపెట్టారు.

ఈ నిబంధన ఎంత దూరం వెళ్లిందో ఆంథొనీ బర్న్స్ కేసు చూస్తే తెలుస్తుంది. బానిసత్వం ఉన్న వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్ నుంచి ఓడలో దాక్కుని ఉత్తరాది నగరం బోస్టన్ చేరిన ఈ యువకుడు అక్కడ ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరాడు. సోదరుడికి రాసిన ఉత్తరం యజమాని చార్లెస్ సటిల్ చేతిలో పడడంతో ఆచూకీ బయటపడింది. 1854 మే 24 రాత్రి నగల దుకాణంలో దొంగతనం చేశావన్న నెపంతో పట్టుకుని, కోర్టు భవనంలో నిర్బంధించారు. ఆ గదిలోకి వచ్చిన సటిల్ టోపీ తీసి, వెటకారంగా వంగి పలకరించి, ఎందుకు పారిపోయావని అడిగాడు. బెదిరిపోయిన బర్న్స్ ఏవో జవాబులు చెప్పాడు.

విచారణలో రిచర్డ్ హెన్రీ డానా రుసుము తీసుకోకుండా అతని తరఫున వాదించాడు. బర్న్స్ మార్చి 24న పారిపోయాడన్నది సటిల్ వాదన కాగా, ఆ నెల మొదట్లోనే అతన్ని బోస్టన్‌లో చూశామని పలువురు సాక్షులు చెప్పారు. ఆ లెక్కన పట్టుబడినది సటిల్ చెప్పే మనిషేనా అన్న అనుమానం రావాలి. అయితే కమిషనర్ ఎడ్వర్డ్ లోరింగ్, అరెస్టయిన రాత్రి యజమానికి బర్న్స్ చెప్పిన జవాబులనే ఆధారంగా తీసుకుని, ఇతడే ఆ మనిషి అని జూన్ 2న తేల్చాడు. తన కోసం నోరు విప్పే హక్కు లేని వాడి మాట, తనకు వ్యతిరేకంగా మాత్రం చెల్లిందన్నమాట.

ఆ రోజు సైనికుల కాపలాలో అతన్ని రేవుకు నడిపిస్తుంటే దాదాపు 50,000 మంది వీధుల వెంట నిలబడ్డారు. కిటికీలకు నల్ల గుడ్డలు కట్టారు. మరుసటి ఏడాది పాస్టర్ లియొనార్డ్ గ్రైమ్స్ పూనికతో విరాళాలు పోగుచేసి, 1,300 డాలర్లకు బర్న్స్‌ను కొని విడిపించారు. ఆ తర్వాత అతడు ఓబర్లిన్ కళాశాలలో చదువుకుని, కెనడాలో పాస్టర్‌గా పనిచేస్తూ 1862లో మరణించాడు. 1850 నాటి చట్టం రద్దయింది 1864 జూన్‌లో.