పుట్టినరోజునాడు బడి మానేసిన పాప

ప్రశ్న: ఖమ్మంలో ఒక ప్రైవేటు బడిలో రెండో తరగతికి చెబుతున్నాను. క్లాసులో 34 మంది. ఎవరి పుట్టినరోజైనా సివిల్ డ్రెస్సు, కేకు, అందరికీ రిటర్న్ గిఫ్టు మామూలైపోయింది. ఫోటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టాలని ప్రిన్సిపాల్ గారి మాట. మొన్న ఒక పాప తన పుట్టినరోజునాడే బడికి రాలేదు. జ్వరమన్నారు. మర్నాడు పక్క పాప చెప్పింది, "వాళ్ళ నాన్న ఆటోకి కిస్తీ కట్టాలంట మేడం, అందుకే రాలేదు" అని. అదే రాత్రి గ్రూపులో ఒకావిడ "మా బాబుకి ఒక్క ఫోటోనే పెట్టారేం?" అని మొదలుపెడితే పదకొండు దాకా మెసేజ్‌లు. టెన్షన్‌గా ఉంది. మొత్తం ఆపేస్తే పిల్లల సరదా పాడు చేసినదాన్నవుతానా?
- ఒక టీచర్

జవాబు: ముందు ఆ పాప సంగతి. "నిన్న నీ పుట్టినరోజు కదా, రాలేదేం?" అని క్లాసులో అడగకండమ్మా. మీ డబ్బుతో చాక్లెట్లు కొనిచ్చి పంచమనీ అనకండి. ఏడేళ్ళ పిల్లకి జాలి చూపు ఇట్టే తెలిసిపోతుంది. ఈ వారంలో గేటు దగ్గర వాళ్ళమ్మ కనిపిస్తే పాప చదువు గురించి ఒక మంచి మాట చెప్పండి, గుణింతాలు తప్పులేకుండా రాస్తోందనో, ఎక్కాలు గడగడా చెబుతోందనో. పుట్టినరోజు మాట ఎత్తొద్దు. టీచరు పిలిచిందంటే ఫీజు కోసమేనని భయపడే ఇళ్ళు చాలా ఉన్నాయి.

నాకూ ఇవన్నీ మొదట్నుంచీ తెలిసినవి కావు. సర్కారు బళ్ళో చేరిన కొత్తలో, పంద్రాగస్టుకి అందరూ తెల్ల చొక్కా వేసుకు రావాలని ముందురోజు సాయంత్రం లాంగ్ బెల్లు వేళ చెప్పాను. ఒకడు వాళ్ళన్న చొక్కా తొడుక్కొచ్చాడు, మోకాళ్ళ దాకా. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. పిప్పరమెంట్లు పంచేసరికి వాడు లేడు. మూడు రోజులు రాలేదు. వెళ్ళి అడిగితే వాళ్ళమ్మ, "ముందే చెప్తే ఎవర్నన్నా అడిగి తెచ్చేదాన్ని గదా టీచరమ్మా" అంది. అప్పట్నుంచి ఏ పండగైనా వారం ముందే చెప్పేదాన్ని, "యూనిఫామే చాలు" అని కూడా. బతుకమ్మకి పట్టులంగాలు వద్దని చెప్పే ధైర్యం మాత్రం నాకెప్పుడూ రాలేదు, ఒప్పుకుంటాను. తలా గుప్పెడు తంగేడో గునుగో తెమ్మని, బతుకమ్మని బడిలోనే పేర్చేవాళ్ళం.

పుట్టినరోజులు ఆపొద్దు. నెలకొక్కటి చేయండి. చివరి శనివారం, చివరి పీరియడ్, ఆ నెలలో పుట్టినవాళ్ళంతా ఒకేసారి. మే పిల్లలకి ఎప్పుడూ సెలవులే కాబట్టి వాళ్ళని జూన్‌లో కలపండి. (మా బళ్ళో సగం మంది జూన్‌లోనే పుట్టేవాళ్ళు! తేదీ తెలియదంటే చేర్చుకునేటప్పుడు హెడ్మాస్టరే ఒకటి వేసేవారు.) కేకు మీద నాకు కోపమేం లేదు. 34 ముక్కలు కోసి, పంచి, మూతులు కడిగించేసరికి గంట కొట్టేస్తారు, అంతే.

నేను చేసింది ఇది. పుట్టినరోజు పిల్లని ముందు కూర్చోబెడితే, మిగతావాళ్ళలో ఆరేడుగురు తన గురించి తలా ఒక మాట చెప్పాలి. వాళ్ళన్నది అన్నట్టే కాగితం మీద రాసేదాన్ని. "అడిగితే పెన్సిల్ ఇస్తాడు." "వాళ్ళింట్లో మేకపిల్ల ఉంది." "కింద పడ్డా ఏడవడు." ఊరికే "మంచివాడు" అంటే ఒప్పుకునేదాన్ని కాదు, కళ్ళతో చూసింది చెప్పాలి. ఆ కాగితం ఇంటికి వెళ్ళేది. మరుసటి ఏడు దాకా క్యాలెండర్ పక్కన అతికించి ఉంచిన ఇళ్ళున్నాయి. మీకు నెలకి ముగ్గురు పడతారు, ఒక పీరియడ్ సరిపోతుంది.

గ్రూపులో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా మార్చేయండి. ఫోటో పెడితే క్లాసంతా ఉన్నది ఒక్కటి, అదీ తల్లిదండ్రులు సరేనని ముందే సంతకం పెట్టి ఉంటేనే. "కైండ్లీ సెండ్" భాష మానేసి తెలుగులో రాయండి: "శనివారం ఈ నెల పుట్టినవాళ్ళ పండగ. ఇంటి నుంచి ఏమీ పంపొద్దు. యూనిఫామే చాలు." అదే మాట వాయిస్ మెసేజ్‌గానూ పెట్టండి. ఫోన్ తండ్రి దగ్గర ఉంటుంది, పిల్లని తీసుకెళ్ళేది నానమ్మ. డైరీలో కూడా రాయించండి.

ప్రిన్సిపాల్ గారి దగ్గర పేద పిల్లల బాధతో మొదలుపెట్టకండి, "మన బళ్ళో అలాంటి వాళ్ళెవరున్నారు?" అంటారు. నెలకి కేకులకి ఎన్ని పీరియడ్లు పోతున్నాయో లెక్క చూపించండి. 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లో, టీచరు తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై హాజరు, చదువులో ప్రగతి తెలియజేయాలని ఉంది. గ్రూపులో కేకు ఫోటోలు పెడితే ఆ పని అయిపోయినట్టు కాదు కదా! ఖర్చు పెట్టాలని ముచ్చటపడే వాళ్ళకి దారి చూపించండి. సర్కారు బడి మధ్యాహ్న భోజనంలో తిథి భోజనం అని ఉంది, పుట్టినరోజునాడు అక్కడి పిల్లలకి స్వీటో, పూట భోజనమో పెట్టించవచ్చు.

ఎంత చెప్పినా మొదటి నెలలో ఎవరో ఒకరు కేకు పట్టుకొచ్చేస్తారు. పిల్లాడి ముందు తిప్పి పంపకండి. స్టాఫ్ రూములో పెట్టించి, ఇంటి బెల్లుకి పావుగంట ముందు అందరికీ ఒక్కో ముక్క ఇచ్చేయండి, పాటా ఫోటో లేకుండా. సాయంత్రం వాళ్ళమ్మకి మెసేజ్ కాదు, ఫోన్ చేయండి.