ఏడాది సామాను సంగతి

తెనాలి

చి.ల.సౌ. మేనకోడలికి మీ అత్త దీవించి రాసేది.

మొన్న ఫోన్‌లో నీ టెన్షన్ వింటే ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే జాలేసింది. నూనె ధర మండిపోబోతోందని ఎవరో వాట్సాప్‌లో పెట్టడం, మీ ఆయన ఆఫీసు నుంచి వస్తూ వస్తూ పదిహేను కిలోల టిన్నులు నాలుగు కార్లో వేసుకొచ్చేయడం! ముగ్గురు మనుషులకి అరవై కిలోల నూనె. రోజూ గారెలు వండుకున్నా తరగదే తల్లీ. సీలు తీయనివి కొట్టువాడు వెనక్కి తీసుకుంటే ఇచ్చేయండి, తీసుకోకపోతే మీ అపార్ట్‌మెంట్‌లో కొన్న ధరకే పంచేయండి. నూనె ఏళ్లతరబడి దాచుకునే సరుకు కాదు. మూత తీసి గాలి తగిలాక రెండు మూడు నెలలకే వాసన మారుతుంది. 2022లో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలై పొద్దుతిరుగుడు నూనె ధర ఎగబాకినప్పుడు నేను ఒక్క ప్యాకెట్ కూడా ఎక్కువ తెప్పించలేదు. అప్పడాలు వేయించడం మానేసి సెగ మీద కాల్చాను. మీ మామయ్య రెండు రోజులు మొహం మాడ్చుకున్నాడు. మూడో రోజు నుంచి ఇవే బాగున్నాయన్నాడు.

"నీలాగా ఏడాది సామాను కొని పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు కదా అత్తా" అన్నావు. నిజమే. కానీ ఏడాది సామాను అంటే ఒక ఆదివారం బజారుకెళ్లి అన్నీ బస్తాల లెక్కన దింపుకోవడం కాదు. ఏ పంట ఎప్పుడు కల్లం నుంచి బయటికొస్తుందో అప్పుడు దాన్ని కొనడం. ధర పెరుగుతోందని టీవీలో చెప్పాక పరిగెత్తేవాళ్లకి ఆ పెరిగిన ధరే దక్కుతుంది. పైగా అందరూ ఒకేసారి ఎగబడటంతో అది ఇంకో పది రూపాయలు పెరుగుతుంది.

సంక్రాంతి దాటాక కొత్త కందులు దిగుతాయి, కాబట్టి కందిపప్పు ఫిబ్రవరిలోనో మార్చిలోనో కొనాలి. అనకాపల్లి బెల్లం కూడా ఆ రోజుల్లోనే తాజాగా ఉంటుంది. మన డెల్టాలో వరి కోతల వేళ ఆ తడిలోనే చల్లిన మినుములు కూడా ఇంచుమించు అప్పుడే చేతికొస్తాయి. శివరాత్రి అటూ ఇటూగా కొత్త చింతపండు. దుగ్గిరాల యార్డుకి పసుపు వేసవి మొదట్లో వస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో మిరపకాయలు. ఉల్లిపాయలైతే ఏప్రిల్, మే నెలల్లో మహారాష్ట్ర నుంచి వచ్చేవి కొను. అవి పొర ఎండి గట్టిగా ఉంటాయి, గాలి ఆడేచోట పరిచి ఉంచితే మూడు నెలలు ఢోకా లేదు. వానాకాలపు పంట ఉల్లి అలా నిలవదు, నీరెక్కువ. 2019 చివర్లో కిలో వంద దాటి, రైతుబజార్లలో పాతిక రూపాయల ఉల్లి కోసం క్యూలు కట్టింది వానలకి ఆ పంట పాడైపోయినప్పుడే.

చూశావుగా, జనవరి నుంచి మే దాకా నెలకి ఒకటో రెండో వస్తువులు. జీతం మీద బతికేవాళ్లకి ఇందులో ఉన్న సుఖం అదే. ఒకేసారి ముప్పై వేలు క్రెడిట్ కార్డు మీద గీకక్కర్లేదు.

ఇక మిరపకాయల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, నువ్వు మోసపోయేది అక్కడే. గుంటూరులో కోల్డ్ స్టోరేజీల్లో పోయినేటి కాయ కూడా ఉంటుంది, దాన్ని ఏసీ కాయ అంటారు. అదేమీ చెడ్డది కాదు, కానీ కొత్త కాయ ధరకి దాన్ని అంటగట్టించుకోకు. కాయని చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఊపి చూడు. లోపల గింజలు గలగలమనాలి. మెత్తగా వంగిందంటే తేమ ఉందన్నమాట. ఆ తేమ బరువుకి కూడా డబ్బు నువ్వే కట్టాలి. తెల్లమచ్చలున్న తాలుకాయలు ఏరేయమను. తేజ రకం ఒక్కటే తీసుకుంటే ఘాటుకి మీ పిల్లాడు కూర ముట్టుకోడు. సన్నాలు తీసుకుని, రంగు కోసం కొంచెం బ్యాడిగి కలుపుకో. ముగ్గురికి ఏడాదికి మూడు కిలోలు బోలెడు, ఊరగాయ కారం సంగతి వేరే. రెండెండలు ఎండబెట్టి, తొడిమలు తీసి, వేసవిలోనే మరపట్టించేయి. వానలు పడ్డాక కాయ మెత్తబడి బూజు పడుతుంది. మరపట్టిన కారం వేడిగా ఉంటుంది. ఇంటికి తెచ్చిన వెంటనే డబ్బాలో కుక్కకుండా పేపరు మీద పరిచి, పూర్తిగా చల్లారాక జాడీలో నొక్కి, మధ్యలో ఇంగువ ముక్కలు రెండు పెట్టు.

ఆ చల్లారడం అన్నిటికీ వర్తిస్తుంది. ఎండలోంచి తీసిన పప్పుని అలాగే డబ్బాలో పోస్తే మూతకి లోపలివైపు చెమట పడుతుంది, పురుగుకి అంతకంటే ఏం కావాలి? మా అమ్మ పప్పు ఎండిందో లేదో పంటి కింద వేసుకుని చూసేది. టక్కుమని విరిగితే సరే. సాగినట్టుంటే ఇంకో ఎండ. ఆ తర్వాత అరచేతులకి వంటాముదం రాసుకుని పప్పంతా కలిపేది, కిలోకి ఓ చెంచా మించకుండా. వండేముందు కడిగేస్తాం కాబట్టి వాసన రాదు. చింతపండులో గింజ ఒక్కటి కూడా ఉండకూడదు, పురుగు అందులోంచే పుడుతుంది. ఈనెలు, గింజలు తీసి, జాడీలో వరసకీ వరసకీ మధ్య కల్లుప్పు వేసుకుంటూ నొక్కు.

మాకు డాబా లేదు, ఎండ రాదు అంటావు. అయితే ఏడాదికి కొనకు, మూడు నెలలకే కొను. కిలో కిలో ప్యాకెట్లు కట్టి నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, బయటికి తీసి మామూలు వేడికి వచ్చాక, పైన తడి లేకుండా తుడిచి డబ్బాలో పోసుకో. పురుగు గుడ్లు చచ్చిపోతాయి. గోధుమపిండి, బొంబాయి రవ్వ నెల సరిపడా మించి తేనేవద్దు.

నేను చేసిన బుద్ధితక్కువ పని కూడా చెప్తాను, మీ అమ్మకి మాత్రం చెప్పకు, ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. 2015లో కందిపప్పు కిలో 200 దాకా పోయింది గుర్తుందా? దసరాకి ఆ ధర చూసి, దీపావళికి మూడు వందలవుతుందని కొట్టువాడంటే నమ్మి ఇరవై కిలోలు తీసుకున్నాను. ఆకాశం ముసురు పట్టి ఉంది, ఎండబెట్టే వీల్లేదు. ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి మూత బిగించాను. సంక్రాంతికి అరిసెల పాకం పడుతూ డ్రమ్ము తీస్తే చెయ్యి పెట్టలేకపోయాను, సగానికి సగం పుచ్చు. ఇంకో తమాషా ఏంటంటే, ఆ ధర చూసి మరుసటేడు రైతులంతా కందే వేశారు, వాన కూడా కలిసొచ్చింది, 2017కల్లా అదే పప్పు సగం ధరకి దిగింది. పాపం అప్పుడు ఏడ్చింది కంది రైతు.

బియ్యం సంగతి వేరు, అవి నిలవ ఉన్నకొద్దీ రుచి. పాత బియ్యానికి ధర ఎక్కువ, కొత్త బియ్యం ముద్దవుతాయని చవక. అందుకే జనవరిలో కొత్తవి కొని ఇంట్లోనే పాతబరుచుకోవాలి, జూన్, జులై నుంచి వండుకోవచ్చు. బస్తా నేలకి తగలకుండా చెక్క మీద పెట్టు, గోడకి జానెడు దూరం ఉంచు, ఎండిన వేపాకు వెయ్యి. బోరిక్ పౌడర్ కలుపుకోమని ఎవరైనా చెప్తే వినకు. తినే గింజల్లో అదేం పని? మీ వాచ్‌మన్ తక్కువకి తెచ్చిస్తానన్న రేషన్ బియ్యం కూడా వద్దు, అది ఇంకొకరి నోటి కాడ కూడు.

ఎంత కొనాలో తెలియకపోతే ఏమవుతుందో మీ బావని అడుగు. 2023 జులై 20న తెల్లబియ్యం ఎగుమతి ఆపేశారని తెలియగానే అక్కడ డాలస్‌లో మనవాళ్లంతా షాపుల మీద పడ్డారు. మనిషికొక బస్తా అని బోర్డు పెడితే, వీడు ఇద్దరు స్నేహితుల్ని కూడా క్యూలో నిలబెట్టి బస్తాలు పోగేశాడు. గరాజ్‌లో పెట్టాడు. ఎండాకాలం ఆ గరాజ్ కొలిమి. ముక్కపురుగులు కారు సీట్లలోకి కూడా ఎక్కాయట. కొన్నాళ్లకి షాపుల్లో బియ్యం మామూలుగానే దొరికాయి, మరుసటేడు సెప్టెంబర్‌లో ఆ నిషేధమూ ఎత్తేశారు. నువ్వు అలా చెయ్యకు. ఈ నెల ఒకటో తారీకున తీసిన ప్రతి డబ్బా మీద తేదీ రాసి పెట్టు, ఎప్పుడు ఖాళీ అయిందో కూడా రాయి. రెండు నెలలు రాస్తే నీ ఇంటి లెక్క నీకే తెలుస్తుంది, నన్ను అడగక్కర్లేదు.

టమాటాలాంటివి దాచలేం. 2023లో మదనపల్లె మార్కెట్‌లోనే మంట పుట్టించాయి. అదే పత్తికొండ రైతు చవక రోజుల్లో కూలి కూడా రాక రోడ్డు మీద పారబోస్తాడు. ఆ పారబోసే రోజుల్లో పది కిలోలు తెచ్చి నిలవపచ్చడి పెట్టుకో. ధర మండినప్పుడు చింతపండు, గోంగూర ఉండనే ఉన్నాయి. పప్పులో టమాటా వేయకపోతే పప్పు కాదని ఎవరన్నారు?

ఇంకొకటి, ఇది ధరల గొడవ కాదు. 1977 నవంబర్‌లో తుపాను వచ్చేనాటికి నాకు పెళ్లయి ఏడాది, రేపల్లె దగ్గర పల్లెలో ఉన్నాం. ఆ తుపాన్లో దివిసీమ వైపు వేలమంది పోయారు, మేం బతికి బయటపడ్డాం. గాదెలో ధాన్యమంతా నాని, నాలుగో రోజుకి ఇల్లంతా పులిసిన కంపు. అటక మీదున్న అటుకుల డబ్బా, మాగాయ జాడీ మాత్రం మిగిలాయి. మా అత్తగారు ఆ అటుకులు పిడికిళ్ల లెక్కన పక్క మూడిళ్లకీ పంచింది. మళ్లీ 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా తోడికోడలి కూతురు రెండో అంతస్తులో ఇరుక్కుపోయింది. ఇంట్లో పాతిక కిలోల బియ్యం బస్తా ఉంది, తాగడానికి నీళ్లు లేవు. కరెంటు లేదు, గ్యాస్ అయిపోవచ్చింది. డ్రోన్లతో పడేసిన పొట్లాలే దిక్కయ్యాయి. కాబట్టి బియ్యం పప్పులతోపాటు వండక్కర్లేనివి కొన్ని ఉంచు. అటుకులు, పుట్నాలు, బెల్లం, పాలపొడి, పిల్లాడికి బిస్కెట్లు. రెండు డబ్బాల మంచినీళ్లు, వారం వారం మారుస్తూ. రెండో సిలిండర్ ఖాళీగా పెట్టుకోకు. ఇవన్నీ కింద అరలో కాదు, పైన.

వచ్చే శనివారం మీ మామయ్య ఒక పెళ్లికి హైదరాబాద్ వస్తున్నాడు. గింజ తీసిన చింతపండు రెండు కిలోలు, పసుపు, సన్నాల కారం పంపిస్తున్నాను. చింతపండు జాడీ మా అమ్మది, మూతకి ఓ పక్క పెచ్చు ఊడి ఉంటుంది. చింతపండు నీ జాడీలోకి మార్చుకుని దాన్ని ఆయన చేతికే తిరిగివ్వు. క్రితంసారి ఊరగాయ పంపిన స్టీలు గిన్నె కూడా నీ దగ్గరే ఉంది, మర్చిపోలేదు నేను.

మీ అత్త