ఏడాది ఎలా గడిచిందని వైజాగ్‌లో అడిగితే ఏం చెప్పాలి?

తమ్ముడూ, నీ సందేహం చదివాను. మెల్‌బోర్న్‌లో మొదటి ఏడాది అయిపోయింది. నవంబరు పరీక్షలు రాసి సింగపూర్ మీదుగా వైజాగ్ వచ్చావు. ఫిబ్రవరి ఆఖర్లో మళ్ళీ క్లాసులు. కంచరపాలెంలో కనిపించినవాళ్ళంతా "ఎలా ఉందిరా అక్కడ?" అని అడుగుతుంటే "బాగుంది" అని చెప్పి చెప్పి విసుగొచ్చిందన్నావు. సబ్జెక్టులన్నీ పాసయ్యావు, పార్ట్‌టైమ్ ఉద్యోగం ఉంది, అయినా తిరిగి వెళ్ళాలంటే బెంగగా ఉంది. ఈ ఏడాది లాభమో నష్టమో చెప్పమన్నావు. నేనూ ఇప్పుడు మర్రిపాలెంలో మా అమ్మావాళ్ళింట్లోనే ఉన్నాను కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ముందు నువ్వు అడిగిన రూల్స్ సంగతి. స్టూడెంట్ వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలు పని చెయ్యొచ్చు, సెలవుల్లో ఆ హద్దు లేదు. ట్యాక్స్ రిటర్న్ సొంతంగా వేసుకుంటే అక్టోబరు 31లోగా వేసెయ్యాలి. మిగతావన్నీ అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉంటాయి, మారుతూ కూడా ఉంటాయి, అక్కడే చూసుకో. వాటి మీద నువ్వు పడుతున్న టెన్షన్‌లో సగం కూడా అక్కర్లేదు. నాకు భయం వేసింది వేరే మాట చూసి. "ఎవరి గొడవా ఉండకూడదని ఒక్కడినే ఉండేలా స్టూడియో రూమ్ తీసుకున్నాను అక్కా" అని రాశావు చూడు, అది.

నేను 2014 జూలైలో మెల్‌బోర్న్ వెళ్ళాను. ఆ ఊరి శివారు క్లేటన్‌లో షేరింగ్ ఇల్లు. పక్క గదుల్లో ఒక నేపాలీ అమ్మాయి, ఇద్దరు పంజాబీ అమ్మాయిలు. వాళ్ళ మాట నాకు రాదు, వాళ్ళ వంట నాకు పడదు, చదువుకోవడానికి వచ్చాం కదా అని గది తలుపు వేసుకుని కూర్చునేదాన్ని. అది క్రమశిక్షణ అనుకున్నాను. అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను సరిగ్గా మన వైజాగ్ దగ్గరే తీరం దాటింది. నువ్వప్పటికి బడిపిల్లాడివి, కొంచెమైనా గుర్తుండే ఉంటుంది. గంటకు 180 కిలోమీటర్లు దాటిన గాలి, కైలాసగిరి మీద చెట్లన్నీ నేలకూలాయి, ఎయిర్‌పోర్టు పైకప్పు ఎగిరిపోయింది. ఇక్కడ మధ్యాహ్నం, అక్కడ ఆదివారం సాయంత్రం. అమ్మతో మాట్లాడుతుండగా లైన్ తెగింది. ఆ తర్వాత మర్రిపాలెంలో ఎవరి ఫోనూ మోగలేదు.

రోజుల తరబడి అదే పని. నంబరు నొక్కడం, స్విచ్ఛాఫ్ అని వినడం, ఫోన్‌లో వార్తలు వెతకడం. టీవీల్లో వచ్చిన బీచ్ రోడ్డు వీడియోల్లో మా వీధి కనిపిస్తుందేమో అని చూసేదాన్ని. తిండి మానేశాను. గోడ అవతల ముగ్గురు మనుషులున్నారు, వాళ్ళకి ఒక్క మాట చెప్పలేదు. ఆ వారంలోనే ఒక అసైన్‌మెంట్ ఇవ్వాలి, ఇవ్వలేదు. ఇలాంటి కష్టం వస్తే స్పెషల్ కన్సిడరేషన్ అడిగి గడువు పెంచుకోవచ్చని నాకు తెలియదు. తెలియజెప్పే మనిషిని నేను సంపాదించుకోలేదు. ఆ సబ్జెక్టు పోయింది, మళ్ళీ ఫీజు కట్టాను. రాజమండ్రి నుంచి మా బాబాయి కారేసుకుని వెళ్ళి, అమ్మానాన్నలను కళ్ళారా చూసి, వెనక్కి వచ్చి సిగ్నల్ దొరికిన చోట నుంచి ఫోన్ చేశాడు. "కరెంటు లేదు, నీళ్ళు లేవు, పాల ప్యాకెట్‌కి కొట్టుకుంటున్నారు, మనుషులు మాత్రం క్షేమం" అన్నాడు. అప్పుడు ఏడ్చాను. ఆ ఏడుపు విని నేపాలీ అమ్మాయి తలుపు తట్టింది. వాళ్ళ దేశంలో కొండచరియ విరిగిపడి ఇంటికి ఫోన్ కలవని రోజులు తనకూ ఉన్నాయట. ముందే చెప్పి ఉంటే ఆ వారమంతా నాతో కూర్చునేది.

తర్వాత అమ్మ ఫోన్‌లో దొరికినప్పుడు "నువ్వెలా ఉన్నావే?" అంది. "బాగున్నాను" అన్నాను. సబ్జెక్టు పోయిందని చెప్పలేదు, తిండి మానేశానని చెప్పలేదు. వాళ్ళకే బోలెడు కష్టం, మనదీ ఎందుకు అనుకున్నాను. నువ్వూ ఇప్పుడు అదే చేస్తున్నావు కాబట్టి చెబుతున్నాను, ఆ మాట అలవాటైపోతుంది. మా ఇంట్లో రెండు వైపులా అలవాటైంది. కొన్నాళ్ళకి నాన్నకు గుండెలో స్టెంట్ వేశారు. ఆయన ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేశాక, ఎప్పుడో మాటల్లో మా అత్త నోరు జారితే తెలిసింది. "నువ్వు అక్కడ ఒక్కదానివీ కంగారు పడతావని" అంది అమ్మ. వాళ్ళని తప్పుపట్టలేను. ఫోన్‌లో మంచి కబుర్లే చెప్పుకోవాలని వాళ్ళకి నేర్పింది నేనే.

మొదటి ఏడాదిలో మంచి రోజులూ ఉన్నాయి. నువ్వనుకునేవి కావు. మొదటి జీతం వచ్చిన రోజు కాదు, మార్కులు వచ్చిన రోజూ కాదు. డిసెంబరులో యూనివర్సిటీ మూసేశాక ఇల్లు ఖాళీ అయింది. క్రిస్మస్ రోజున అక్కడ కొట్లన్నీ మూత. ట్రైన్లు ఉచితం అంటే ఎక్కి కూర్చున్నాను, పెట్టెలో నేనొక్కదాన్నే. ఆ భయానికే జనవరి నుంచి మెల్‌బోర్న్ శివార్లలో క్యారమ్ డౌన్స్‌లోని శివవిష్ణు ఆలయానికి ఆదివారాలు వెళ్ళి వంటశాలలో కూరలు తరగడం మొదలుపెట్టాను. సంక్రాంతి అక్కడ మండువేసవిలో వస్తుంది. చెమటలు కక్కుతూ పులిహోర కలిపాం. శ్రీకాకుళం దంపతులు ఒకరు నన్ను కార్లో దింపేవారు. ఒక ఆదివారం జ్వరమొచ్చి వెళ్ళలేదు. పది గంటలకల్లా ఆవిడ ఫోన్, "ఏమ్మా, ఈ వారం రాలేదేం?" అని. నేను కనబడకపోతే అడిగే మనిషి ఆ ఊళ్ళో ఉందని తెలిసిన రోజు అది. ఇప్పుడు మెల్‌బోర్న్‌లోనే టార్నీట్‌లో సొంతిల్లు ఉంది, పౌరసత్వం ఉంది, అన్నీ ఒంటిచేత్తో కూడబెట్టుకున్నాను. అయినా మంచి రోజులు లెక్కపెట్టమంటే ఆ ఫోన్‌కాల్‌తోనే మొదలుపెడతాను.

మీ తరానికి వీడియో కాల్ ఉంది, గ్రూపులున్నాయి, ఇంకేం కావాలి అనుకుంటారు. తెరలో అమ్మ కనిపిస్తుంది, నీకు జ్వరమొస్తే నుదురు పట్టి చూడలేదు కదా. నైట్ షిఫ్టులన్నీ నువ్వే తీసుకుని పగలంతా స్టూడియోలో నిద్రపోతే వారానికి నాలుగు డాలర్లు ఎక్కువ వస్తాయేమో. ఆ డబ్బు నేనూ చూశాను. లోను తీర్చడానికి ఇంకో ఆర్నెల్లు ఆలస్యమైతే కొంపలేమీ మునగవు.

అందుకని విమానం ఎక్కేలోగా ఒక పని చెయ్యి. వీధిలో అడిగేవాళ్ళకి "బాగుంది" అని చెప్పుకో, వాళ్ళకి అంతే చాలు. పీఆర్, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, ఎప్పుడొస్తుందని అడిగే పెద్దమనుషులకీ అంతే. మీ అమ్మానాన్నలకు మాత్రం ఈ ఏడాదిలో నువ్వు బాగా కుంగిన రోజు ఒకటి పూర్తిగా చెప్పు. ఏ రోజు, ఏం జరిగింది, ఎవరు ఆదుకున్నారు, లేదా ఎవరూ ఆదుకోలేదా. భోజనాలయ్యాక, టీవీ కట్టేసి చెప్పు. వాళ్ళు ఒక పూట బెంగపడతారు. వాళ్ళు నీ దగ్గర దాచిందేమైనా ఉంటే అదీ అప్పుడే బయటికొస్తుంది.

వెళ్ళాక స్టూడియో ఒప్పందం గడువు చూసుకుని షేరింగ్ ఇంటికి మారు. తెలుగువాళ్ళే కావాలని పట్టుపట్టకు. వారంలో ఒక రోజు, ఒకే చోటికి, ఒకే వేళకి వెళ్ళే పని పెట్టుకో. గుడి కావచ్చు, క్రికెట్ కావచ్చు, నువ్వు రాకపోతే తెలిసే చోటు కావాలి. రాత్రిళ్ళు మరీ భారంగా ఉంటే యూనివర్సిటీలో విద్యార్థులకు ఉచితంగా కౌన్సెలింగ్ ఇస్తారు. 13 11 14కి చేస్తే లైఫ్‌లైన్ అనే అక్కడి హెల్ప్‌లైన్ వాళ్ళు 24 గంటలూ ఎత్తుతారు. చెయ్యడానికి మొహమాటపడకు.

ఇంకొకటి, ఇది ఇవాళే చెయ్యి. నీ ఫోన్ పలకకపోతే మెల్‌బోర్న్‌లో ఎవరికి చెయ్యాలో మీ అమ్మగారికి తెలియాలి. ఇద్దరి నంబర్లు ఆవిడ ఫోన్‌లో ఎక్కించి, ఒక కాగితం మీద కూడా రాసి బీరువా తలుపుకి అంటించు. రెండో మనిషి ఎవరా అని ఆలోచించాల్సి వస్తే, ప్రస్తుతానికి నా నంబరు రాసుకో.