స్మారక సభలో పేర్లు చదివితే నిజంగా ఏమన్నా ఉపయోగం ఉందా? చదివితే ఎలా చదవాలి?

నవంబర్ 20న స్నేహితులంతా కలిసి, ద్వేషంతో చంపేసిన ట్రాన్స్‌జెండర్, గే మనుషుల్ని తలుచుకోవాలనుకుంటున్నామని రాశారు. ఒట్టి పేర్లు చదివితే ఎవరికి ఏం లాభం అని మీలో ఒకరు అన్నారని కూడా రాశారు. నేను ఆరేళ్లుగా ఇలాంటి సభల్లో పేర్లు చదువుతున్నాను. చదవండి, తప్పకుండా చదవండి.

అసలు నవంబర్ 20, అంటే ట్రాన్స్‌జెండర్ స్మారక దినం, మొదలైందే ఒక పేరు మర్చిపోయినందుకు. 1998 నవంబర్ 28న అమెరికాలోని బోస్టన్‌లో, ఆల్‌స్టన్ అనే ప్రాంతంలో రీటా హెస్టర్ అనే నల్లజాతి ట్రాన్స్ మహిళను ఆమె ఇంట్లోనే పొడిచి చంపారు. ఇంకో రెండు రోజులు ఆగితే ఆమెకు 35 నిండేవి. చంపిందెవరో తేలనే లేదు. పత్రికలేమో ఆమెను మగవాడిగా రాశాయి, ఆమె ఏళ్ల తరబడి బతికిన పేరును ఏదో మారుపేరన్నట్టు రాశాయి. స్నేహితులు తట్టుకోలేక డిసెంబర్ 4న కొవ్వొత్తులు పట్టుకుని ఆ వీధుల్లో నడిచారు. ఆ రోజుల్లోనే గ్వెండొలిన్ ఆన్ స్మిత్ అనే ట్రాన్స్ మహిళ తన స్నేహితులతో రీటా గురించి మాట్లాడుతూ, 1995లో ఆ చుట్టుపక్కలే హత్యకు గురైన షనెల్ పికెట్ పేరు ఎత్తితే, అక్కడ ఎవరికీ గుర్తు లేదట. మధ్యలో గడిచింది మూడేళ్లే. అది భరించలేకే ఆమె పేర్లు రాసిపెట్టడం మొదలుపెట్టింది, 1999లో ఈ స్మారక దినానికి నాంది పలికింది. మీ స్నేహితుడు అడిగిన లాభం అదే, మూడేళ్లకే మర్చిపోకుండా ఉండటం.

ఇక నా సంగతి. మాకు ఒక ఫ్రెండ్ ఉండేది, ట్రాన్స్ మహిళ. పేరు ఇక్కడ రాయను, ఇంట్లోవాళ్లు ఇంకా ఉన్నారు. ఎవరు ఫోన్ చేసినా మొదటి రింగుకే ఎత్తేది, ఎత్తగానే "తిన్నావా" అనేది. ఆమెను కొట్టి చంపారు. మర్నాడు ఒక పేపర్లో "యువకుడి హత్య" అని నాలుగు లైన్ల వార్త వచ్చింది, అంత్యక్రియల్లో ఆమె వదిలేసి పదేళ్లయిన పాత పేరే పలికారు. ఆమెను చంపింది ఒకరైతే, ఉన్న మనిషిని లేకుండా చేసింది అందరూ కలిసి అనిపించింది నాకు. ఆ రాత్రి పదకొండుమందిమి ఒక గదిలో కూర్చుని ఆమె పేరు ఎన్నిసార్లు పలికామో లెక్కలేదు. వేరే ఏం చేయాలో మాకు తెలియలేదు.

అందుకే ఎలా చదవాలి అంటే నేను మొదట చెప్పేది, ఆ మనిషి తనకు తాను పెట్టుకున్న పేరే చదవండి. పాత పేరు అసలు ఎత్తొద్దు, "ఒకప్పుడు ఫలానా" అని కూడా అనొద్దు. తెలుగులో ఇంకో చిక్కు ఉంది, దాని గురించి ఎవరూ హెచ్చరించరు. మన క్రియలే మనల్ని పట్టిస్తాయి. ఒక సభలో పెద్దాయన ఒకరు, చాలా ప్రేమగల మనిషి, మా ఫ్రెండ్ పేరు చక్కగా చదివి, వాక్యం చివర్లో "అందరికీ సాయం చేసేవాడు" అనేశారు. గదిలో ఎవరూ ఏమీ అనలేదు కానీ వెనక వరసలో ఒక చిన్నపిల్ల లేచి బయటికి వెళ్లిపోయింది, తను కూడా ట్రాన్సే, ఆ ఏడే ఇంట్లో చెప్పుకుంది. ఆ "డు" విన్నాక, రేపు నేను పోయినా ఇంతేనా అనుకుని ఉంటుంది. కాబట్టి పేర్లు మాత్రమే కాదు, చివరి క్రియతో సహా ఇంట్లో రెండుసార్లు పైకి చదువుకుని రండి.

ఎలా చంపారో వివరాలు వద్దు. ఆ గదిలో కూర్చునేవాళ్లలో చాలామంది దెబ్బలు తిన్నవాళ్లే ఉంటారు. మనిషి ఎలా బతికాడో, బతికిందో ఒక్క ముక్క చెప్పండి చాలు. ఇంకొకటి, స్థానికంగా తెలిసినవాళ్ల పేరు చదివే ముందు వాళ్లకు నిజంగా దగ్గరగా ఉన్నవాళ్లని అడగండి, తాము ట్రాన్స్ అనో గే అనో అందరూ అందరికీ చెప్పుకుని ఉండరు.

గే వాళ్ల పేర్లు కలపొచ్చా అని అడిగారు. నవంబర్ 20 ట్రాన్స్ మనుషుల కోసం పుట్టిన రోజు, కాబట్టి ఆ పేర్లు ముందు, వాటి తర్వాత తలుచుకుంటే తప్పేమీ లేదు. మాథ్యూ షెపర్డ్ అనే 21 ఏళ్ల గే విద్యార్థిని 1998 అక్టోబరులో అమెరికాలోని లారమీ ఊరి బయట కొట్టి కంచెకు కట్టేసి వదిలేశారు, 12వ తేదీన ఆసుపత్రిలో చనిపోయాడు. సమాధి కడితే దాన్ని కూడా పాడుచేస్తారేమోనన్న భయంతో అమ్మానాన్నలు అస్థికలు 20 ఏళ్లు తమ దగ్గరే ఉంచుకుని, 2018లో వాషింగ్టన్‌లోని ఒక పెద్ద చర్చిలో భద్రపరిచారు. అది చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

జాబితాలో కొన్నిచోట్ల "పేరు తెలియదు" అని ఉంటుంది. వాటిని దాటేయకండి, ఎన్ని ఉంటే అన్నిసార్లు అదే మాట చదవండి. మొదటిసారి చదివినప్పుడు నేను మధ్యలో ఆగిపోయాను, పక్కనున్నామె కాగితం తీసుకుని తను చదివింది. అలా పక్కన ఒకరిని పెట్టుకోండి. అక్షరాలు పెద్దగా రాసుకోండి, కొవ్వొత్తి వెలుగులో సన్న అక్షరాలు కనపడవు.